ఇరవై ఎనిమిదంటే ఒకే ఇరవై ఎనిమిది కాదు సామీ

తిరుపతి కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో నెల రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకే ఐదుసార్లు వచ్చింది. అందులో రెండుసార్లు పంపింది మా బావమరిది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పాత ఇనుప అంగట్లో కిలో లెక్కన రెండు మూడు సైకిళ్ళు కొనండి. పాతవన్నీ ఒకే సైజు, దేని పార్టయినా దేనికైనా సరిపోతుంది. కుదరని చోట వెల్డింగ్ కొట్టించండి. తుప్పు తీయకండి, ఎంత తుప్పుంటే అంత లుక్కు. వెనక బ్రేకు ఒక్కటి చాలు. రోడ్డెక్కిస్తే పోలీసులు ఆల్టరేషన్ కేసు రాస్తారు, సందుల్లోనే తిప్పండి. శని, ఆదివారాలు కూర్చుంటే రెండు వేలకు ర్యాట్ రాడ్ రెడీ, మెకానిక్ అక్కర్లేదు.

ర్యాట్ రాడ్ అంటే తెలియని వాళ్ళకు ఒక ముక్క. అమెరికాలో పాత కార్లను విడిభాగాలతో కట్టి, రంగూ మెరుపూ లేకుండా తుప్పు మరకలతోనే నడిపేవాళ్ళ బండ్లకు వచ్చిన పేరది. ఆ పిచ్చి సైకిళ్ళకూ అంటుకుంది. అక్కడ ష్విన్ కంపెనీ లావు టైర్ల క్రూజర్ సైకిళ్ళతో చేస్తారు. మనకు దొరికేవి అట్లాస్, హీరో, హెర్క్యులిస్, అదృష్టం బాగుంటే ర్యాలీ. నేను మా తాత ర్యాలీ ఫ్రేము మీద ఒకటి కట్టాను, రోజూ తొక్కుతున్నాను. కాబట్టి ఈ పని మీద నాకు చిన్నచూపేమీ లేదు. ఆ మెసేజ్ మీదే కోపం.

మొదట "పాతవన్నీ ఒకే సైజు" అన్న మాట. నన్ను ఎక్కువ ఏడిపించింది ఇదే.

పాత జెంట్స్ సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. ఇప్పటి గేరు సైకిళ్ళ 700సి టైర్లలో కొన్నిటి మీద కూడా 28 అనే ఉంటుంది. టైరు పక్కన సన్నగా అచ్చేసిన రెండో అంకె చూడండి: పాతదానికి 635, కొత్తదానికి 622. అది టైరు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం, మిల్లీమీటర్లలో. పదమూడు మిల్లీమీటర్ల తేడా టైరు లీవర్‌తో పూడదు. ఇరవై ఆరైతే ఇంకా ఘోరం: పాత 26 × 1⅜ టైరుది 590, లావు టైరు క్రూజర్‌ది 559. ఇక రిమ్ము బొక్కలు. మన పాత సైకిలుకు ముందు చక్రానికి 32 కమ్ములు, వెనక చక్రానికి 40. బొక్కలు 36 ఉన్న కొత్త రిమ్ము తెచ్చుకుని చక్రం మధ్యలో ఉండే ఆ హబ్బులకు ఎలా కమ్ములు కడతారు?

పెడళ్ళ మధ్య ఇరుసు పట్టే కప్పుల సంగతి నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. కుడివైపు కప్పు ఊడలేదు. స్పానరుకు పైపు తొడిగి బలమంతా పెట్టాను. కప్పు అంచు చెక్కుకుపోయింది తప్ప కదల్లేదు. చివరికి ఫ్రేము భుజాన వేసుకుని బస్సెక్కి చిత్తూరులో యాభై ఏళ్ళుగా సైకిళ్ళు ఓవరాయిలింగ్ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన చూసీచూడగానే నవ్వాడు. "కుడి కప్పు విప్పల్లంటే బిగించినట్టు తిప్పల్ల నాయనా. నువ్వు నిన్నటి నుంచీ దాన్ని బిగిస్తా ఉండావు." ఆ కప్పు మర ఎడమచేతి మర. తొక్కేటప్పుడు వదులు కాకుండా ఇంగ్లీషు పద్ధతి ఫ్రేముల్లో అట్లా పెట్టారు.

కప్పు పాడైంది కదా, బజార్లో కొత్తది కొని తెచ్చిచ్చాను. ఆయన దాన్ని ఫ్రేములో పెట్టలేదు. పాత కప్పునూ కొత్త కప్పునూ మరకు మర ఆనించి ఎండకు పట్టాడు. మధ్యలో సన్నటి వెలుగు గీతలు కనబడ్డాయి. "చూడు, పంటికి పన్ను పడలే." మామూలు సైకిళ్ళకు ఆ కప్పుల మీద అంగుళానికి 24 మరలు, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీకి 26. నేనైతే రెండు చుట్లు తిప్పి, బిగుసుకుంటే మళ్ళీ స్పానరుకు పైపు తొడిగి, తాత ఫ్రేము మరలు కోసేసి ఉండేవాణ్ణి. ఆయన బిస్కెట్ డబ్బా బోర్లించి అరగంట వెతికి, 26 మరల కప్పు తీసిచ్చాడు. మెకానిక్ అక్కర్లేదంట!

"కుదరని చోట వెల్డింగ్." పాత ఫ్రేము మూలల్లో గొట్టాలను పట్టి ఉంచే తొడుగులుంటాయి, వాటిని లగ్గులంటారు. లోపల గొట్టానికీ లగ్గుకూ మధ్య ఇత్తడి కరిగించి అతికి ఉంటారు. దాని మీద గేట్లు చేసే అంగట్లో ఆర్క్ వెల్డింగ్ కొడితే ఇత్తడి వెల్డులో కలిసి, అతుకు చల్లారేటప్పుడే పగులు వస్తుంది. పైకి రంగు వేస్తే కనబడదు, ఫోర్కు దగ్గరైతే గుంతలో పడ్డ రోజు కనబడుతుంది. గ్యాస్ మంటతో, ఇత్తడి రాడ్డుతో అతికేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళ దగ్గరికి పోండి. ఇంకొకటి, జింకు పూత ఉన్న పైపునూ క్రోమ్ హ్యాండిల్‌నూ పూత తీయకుండా వెల్డింగ్ చేయించకండి. జింకు పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. క్రోమ్ పొగ జ్వరంతో పోయేది కాదు, అది క్యాన్సర్ కారకం. పాలు తాగితే సరిపోతుందని వెల్డర్లు చెబుతారు. సరిపోదు.

తుప్పు మాట కొంత నిజం. రంగు మాసి, ఎర్రమట్టి రంగు తిరిగిన ఫ్రేముకు ఒక అందం ఉంది, ఒప్పుకుంటాను. అయితే పైపైన తిరిగిన తుప్పు వేరు, పొరలుగా లేచేది వేరు. పెడళ్ళ ఇరుసు ఉన్న గొట్టంలో వాన నీళ్ళు దిగి నిలబడతాయి. అక్కడ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగబడితే ఆ ఫ్రేము గోడకు వేలాడదీసుకోవడానికే. బాగుంటే కడిగి, ఆరబెట్టి, అవిసె నూనె పల్చగా రుద్దండి, రంగు అట్లాగే ఉంటుంది, తుప్పు పెరగడం తగ్గుతుంది. చైను, బాల్సు, కప్పులు, ఇరుసు, వీటి మీద మాత్రం ఒక్క చుక్క తుప్పు కూడా ఉండకూడదు. కొంతమంది లుక్కు కోసం ఉప్పూ వెనిగరూ చల్లి కొత్త చైనుకు తుప్పు పట్టిస్తున్నారు. వాళ్ళకు చెప్పేదేమీ లేదు.

ఇక బ్రేకు. అలిపిరి నుంచి లీలామహల్ వైపు పెడలు తొక్కకుండా ఒక్కసారి దిగి చూసి, తర్వాత చెప్పండి ఒక్కటి చాలో లేదో. అమెరికా వాళ్ళు వెనక్కి తొక్కితే పడే బ్రేకు హబ్బు వాడతారు. అది పనిచేసేది చైను ద్వారా. చైను ఊడిందా, బ్రేకూ పోయినట్టే. ఆ హబ్బుకు పక్కన ఒక చిన్న పట్టీ ఉంటుంది, దాన్ని ఫ్రేముకు క్లిప్పుతో బిగించాలి. లుక్కు చెడుతుందని దాన్ని వదిలేస్తే, బ్రేకు పడగానే పట్టీ గిర్రున తిరుగుతుంది. మన కడ్డీ బ్రేకులు రిమ్ము లోపలి ముఖాన్ని పట్టుకుంటాయి, కాబట్టి లావు రిమ్ము వేస్తే వాటికి పట్టుకునే చోటే ఉండదు. పైగా స్టీలు రిమ్ము వానలో జారుతుంది. ముందు ఒకటి, వెనక ఒకటి, రెండూ ఉండాల్సిందే.

పోలీసు కేసు అన్నది ఉత్త భయం. ఆల్టరేషన్ మాట ఉన్నది 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో. అది మోటారు వాహనాలకు. తొక్కే సైకిలుకు రిజిస్ట్రేషనే లేదు, ఏం ఆల్టరేషన్?

రెండు వేలు, రెండు రోజులు అన్నది చివరిది. నా ఫ్రేము ఉచితం, తాతది. అయినా రెండు టైర్లు, ట్యూబులు, చైను, పెడళ్ళ ఇరుసుకు ఒక్కో పక్కన పదకొండు చొప్పున పావంగుళం బాల్సు, గ్రీజు, కాటర్ పిన్నులు, గ్యాస్ అతుకు కలిపేసరికి రెండు వేలు ఎప్పుడో దాటింది. పట్టింది ఐదు నెలలు. కప్పుకు పెద్దాయన డబ్బు తీసుకోలేదు. నేను చెడగొట్టిన పాత కప్పు అడిగి తీసుకుని, ఆ బిస్కెట్ డబ్బాలోనే వేసుకున్నాడు.