డాక్టర్‌కు చావు లేదు, నటులకు తీరిక లేదు

లండన్‌లోని బీబీసీ 1963 నవంబర్ 23న ప్రసారం మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ అనే వైజ్ఞానిక ధారావాహికకు, మధ్యలో 15 ఏళ్లకు పైగా ఆగిపోయిన కాలాన్ని కూడా కలుపుకొంటే, ఆరు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు కంపెనీల్లో పనిచేసే మన తెలుగు పిల్లలు ఓటీటీల పుణ్యమా అని దీన్ని ఇష్టంగా చూస్తున్నారు. సంఘం సమావేశాలు ముగిశాక కాఫీ తాగుతూ వాళ్లు కాలయానం గురించీ, డాక్టర్ కాలంలో ప్రయాణించే నీలిరంగు పోలీసు పెట్టె గురించీ, ఏ డాక్టర్ గొప్పవాడన్న ఎడతెగని తగాదా గురించీ మాట్లాడుకుంటుంటే వినడం నాకు సరదా. అయితే నటుల జీవితాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అది కాలక్షేపపు కబురుగానే వస్తుంది. ఫలానా ఆయన సంభాషణలు మరిచిపోయేవాడట, ఫలానా ఆయన అలిగి వెళ్లిపోయాడట. నా అభిప్రాయం వేరు. ఈ ధారావాహిక తెర వెనుక జరిగినదంతా ప్రధానంగా పనికి సంబంధించిన చరిత్ర. పని గంటలు, జబ్బు చేస్తే దొరికే సెలవు, పారితోషికం, టైటిల్స్‌లో పేరు పడటం, పడకపోవడం అనే విషయాలను వదిలేస్తే తెర మీది కథ ఎందుకు అలా నడిచిందో కూడా మనకు అర్థం కాదు.

ఎందుకంటే ఈ కథకు ఆయువుపట్టయిన కల్పనే ఒక నటుడి అనారోగ్యం నుంచి పుట్టింది. డాక్టర్ అనే గ్రహాంతరవాసికి చావు దగ్గరపడితే అతడు చనిపోడు. కొత్త ముఖంతో, కొత్త స్వభావంతో మళ్లీ లేచి నిలబడతాడు. 1963లో ఈ ఆలోచన ఎవరికీ లేదు. తొలి డాక్టర్ పాత్ర వేసిన విలియం హార్ట్‌నెల్ 1908లో లండన్‌లో ఒక ఒంటరి తల్లికి పుట్టి, పేదరికంలో పెరిగి, సినిమాల్లో ఏళ్ల తరబడి కరకు సార్జెంటు వేషాలు వేసి విసిగిపోయిన దశలో, పిల్లలు తాతలా ప్రేమించే ఈ పాత్ర ఆయనను వెతుక్కుంటూ వచ్చింది. ఆయన దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. పని మాత్రం ఆయన ప్రాణాన్ని లెక్కచేసే పద్ధతిలో లేదు. వారమంతా రిహార్సల్ చేసి, లైమ్ గ్రోవ్‌లోని ఇరుకైన స్టూడియోలో, మండే దీపాల కింద, ఒక్క సాయంత్రంలో 25 నిమిషాల భాగాన్ని దాదాపు రంగస్థల నాటకం మాదిరిగా వరుసగా రికార్డు చేసేవారు. వీడియో టేపును కత్తిరించి అతికించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, తడబడ్డ మాటను మళ్లీ చెప్పించే వెసులుబాటు చాలా అరుదుగా ఉండేది. హార్ట్‌నెల్ తడబాట్లను ఏరి, ఒకచోట కూర్చి నవ్వుకునే అభిమానులున్నారు. ఆయనకు రక్తనాళాలు గట్టిపడే జబ్బు ముదురుతోందనీ, జ్ఞాపకశక్తి దెబ్బతింటోందనీ తెలిసిన తరువాత కూడా నవ్వు ఎలా వస్తుందో నాకు తెలియదు.

ఆయన సెలవు తీసుకోవాలంటే కథలోంచి డాక్టర్‌ను ఒకటి రెండు వారాలు మాయం చేయాల్సి వచ్చేది. 1964లో డాలెక్‌లనే లోహపు డొల్లల శత్రుజీవులు భూమిని ఆక్రమించే కథ రిహార్సల్‌లో దెబ్బ తగిలి ఆయన ఒక భాగానికి రాలేకపోతే, డూప్‌ను వీపు కనబడేలా నిలబెట్టి, డాక్టర్ స్పృహ తప్పి పడిపోయాడని చెప్పి గట్టెక్కారు. ఆయన చివరి కథలోనూ ఒక భాగానికి ఒంట్లో బాగాలేక రాలేదు. ఆయన మాటలను తక్కిన పాత్రలకు పంచారు. ఇలా నెట్టుకొస్తే ఎంతో కాలం సాగదని గ్రహించిన నిర్మాత ఇన్నెస్ లాయిడ్, కథా సంపాదకుడు గెర్రీ డేవిస్ కలిసి ముఖం మార్చే ఉపాయం ఆలోచించారు. 1966 అక్టోబర్ 29న ప్రసారమైన భాగం చివర హార్ట్‌నెల్ నేల మీద పడిపోయారు, ఆయన ముఖాన్ని కమ్మిన వెలుగులోంచి కొత్త నటుడు పాట్రిక్ ట్రౌటన్ ముఖం తేలింది. చెన్నైలో ఉంటున్న మనకు ఇందులో వింత ఏమీ ఉండకూడదు. తమిళ సీరియల్‌లో నటుడు మారిన రోజున తెర కింద ‘ఇవరుక్కు బదిల్ ఇవర్’ అని ఒక్క వరుస వేసి ముందుకు సాగిపోవడం మనం ఎన్నిసార్లు చూడలేదు? బీబీసీ వాళ్లు ఆ ఒక్క వరుసనే కథగా మలిచారు, అంతే. ఆ మలచడంలోని తెలివిని నేను తక్కువ చేయడం లేదు. కాని ఆ తెలివి వల్ల సంస్థకు కలిగిన సౌకర్యం ఏమిటో కూడా చూడాలి. ఆ రోజు నుంచి ఆ పాత్రలో ఎవరూ అనివార్యం కాదు. ప్రధాన నటుడు సహా ఎవరినైనా మార్చవచ్చు, మార్చినా ప్రేక్షకులు దాన్ని పండుగలా ఎదురుచూస్తారు.

హార్ట్‌నెల్‌ను దేవుణ్ణి చేయాలని నాకు లేదు. తోటివారితో దురుసుగా ఉండేవారనీ, పరాయి జాతుల విషయంలో సంకుచిత భావాలు ఉండేవనీ ఆయనతో పనిచేసినవారే చెప్పారు. తొలి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్ అనీ, అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదనీ, నిర్మాత వెరిటీ లాంబర్ట్ ఆనాటి బీబీసీ నాటక విభాగంలో ఏకైక మహిళా నిర్మాత అనీ గుర్తుంచుకుంటే, ఆ స్టూడియోలో ఎవరెవరు ఎవరి చూపులను భరించాల్సి వచ్చిందో ఊహించవచ్చు. అయినా 1972 చివర్లో, పదేళ్ల పండుగ సందర్భంగా ముగ్గురు డాక్టర్లను కలిపే కథ కోసం హార్ట్‌నెల్‌ను మళ్లీ పిలిచినప్పుడు ఆయన నిలబడి నటించే స్థితిలో లేరు. కూర్చోబెట్టి, ఎదురుగా అట్టల మీద సంభాషణలు రాసి చదివించి, ఆ దృశ్యాలను విడిగా తీసి అతికించారు. ఆయన 1975లో కన్నుమూశారు.

ట్రౌటన్ కాలంలో పని భారం తగ్గలేదు. ఆయన చివరి ఏడాది వరుసలో 44 భాగాలున్నాయి. అంటే ఏడాదిలో అధిక భాగం వారానికొకటి చొప్పున సాగే రిహార్సల్, రికార్డింగ్. 1968లో సహనటుడు ఫ్రేజర్ హైన్స్‌కు ఆటలమ్మ పోస్తే, అతడి ముఖాన్ని ముక్కలుగా విడగొట్టిన బొమ్మను డాక్టర్ తప్పుగా కూర్చాడని కథ అల్లి, హామిష్ విల్సన్ అనే మరో నటుణ్ణి కొద్దిసేపు ఆ పాత్రలో నడిపించారు. అభిమానులు ఈ సంగతిని చమత్కారంగా చెప్పుకుంటారు, చమత్కారమే కూడా. అయితే ఆటలమ్మ పోసిన మనిషి కోలుకునేదాకా ఒక్క వారమైనా రికార్డింగ్ ఆపే ఆలోచన ఆ వ్యవస్థలో లేదన్నది అందులోనే ఉన్న రెండో సంగతి. ట్రౌటన్ మూడేళ్లు చేసి తప్పుకున్నారు. చాలా ఏళ్ల తరువాత ఆ పాత్రకు ఎంపికైన పీటర్ డేవిసన్‌కు కూడా మూడేళ్లకు మించి చేయవద్దని సలహా ఇచ్చారు, డేవిసన్ ఆ సలహాను పాటించారు. 1970లో రంగుల్లోకి మారినప్పుడు ఏడాదికి 25 భాగాలకు తగ్గించారు. దానికి కారణం నటుల మీద జాలి కాదు, ఖర్చు లెక్కలు.

ఇక పేరు, డబ్బు. సొమ్మొకడిది, సోకొకడిది అన్న సామెతకు ఈ ధారావాహికలో దొరికినన్ని ఉదాహరణలు మరెక్కడా దొరకవేమో. డాలెక్‌లను కాగితం మీద ఊహించిన రచయిత టెర్రీ నేషన్‌కు వాటి బొమ్మల అమ్మకాల్లో వాటా వచ్చి సంపన్నుడయ్యారు. వాటికి ఆ మిరియపుబుడ్డి ఆకారాన్ని ఇచ్చిన రేమండ్ క్యూసిక్ బీబీసీ జీతగాడు కాబట్టి ఆయనకు ఒకేసారి ఇచ్చిన చిన్న మొత్తం తప్ప మరేమీ రాలేదు. ప్రతి భాగం మొదట్లో వచ్చే సంగీతం సంగతి ఇంకా ఘోరం. స్వరాలు రాసింది రాన్ గ్రెయినర్. కాని సింథసైజర్లు అందుబాటులో లేని ఆ రోజుల్లో, ఒక్క తీగను మీటిన శబ్దాన్నీ, పరికరాల కూతనూ టేపు మీద పట్టి, వేగం మార్చి, అంగుళాల లెక్కన కత్తిరించి అతికించి దాన్ని ఒళ్లు జలదరించే సంగీతంగా చేసింది బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌లో పనిచేసిన డీలియా డెర్బీషైర్. తన రాబడిలో సగం ఆమెకు ఇవ్వాలని గ్రెయినర్ స్వయంగా కోరినా సంస్థ నిబంధనలు ఒప్పుకోలేదు. ఆమె 2001లో మరణించారు. తెర మీద ఆమె పేరు మొదటిసారి పడింది 2013లో, యాభయ్యేళ్ల ప్రత్యేక భాగంలో.

డాలెక్‌ల గొంతు విషయం మన ఊరి వాళ్లకు మరింత దగ్గరది. లోపల కూర్చుని ఆ డొల్లను కాళ్లతో నెట్టే మనిషి ఒకరు, మైకు ముందు కూర్చుని, గొంతును పరికరం ద్వారా పంపి ఆ లోహపు అరుపు పుట్టించే మనిషి మరొకరు. పీటర్ హాకిన్స్, డేవిడ్ గ్రాహమ్ అనే ఇద్దరు తొలి గొంతులు. పిల్లలు సోఫా వెనుక దాక్కున్నది ఆ గొంతుకు భయపడి. కోడంబాక్కం డబ్బింగ్ థియేటర్లలో ఒకరి పెదవులకు మరొకరి ఊపిరి అమర్చడమే వృత్తిగా బతికిన తెలుగువాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. తమ గొంతుతో ఏడ్చిన కథానాయికకు అవార్డు వచ్చిన రోజున వాళ్లు ఇంట్లో కూర్చుని టీవీలో చూశారు.

పాత భాగాలు పోవడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పంతా సంస్థదే అని తేల్చడం నిజాయితీ కాదు. 1960లలోని భాగాల టేపులను బీబీసీ తుడిచి మళ్లీ వాడుకుంది. టేపు ఖరీదైనది, భద్రపరచాలన్న నియమం లేదు. కాని పునఃప్రసారాల మీద పరిమితులు పెట్టిన ఒప్పందాలు నటుల సంఘం ఈక్విటీ పట్టుబట్టి సాధించుకున్నవి. పాతవే వేస్తూ కూర్చుంటే కొత్త పని దొరకదన్నది నటుల భయం, అది న్యాయమైన భయమే. మళ్లీ వేయడానికి వీల్లేని టేపు బీరువాలో చోటు దండగ అని సంస్థ అనుకుంది. ఫలితంగా ట్రౌటన్ తొలి కథ ఆరు భాగాల్లో ఒక్కటీ మిగలలేదు. హార్ట్‌నెల్ చివరి భాగం కూడా పోయింది. ముఖం మారే ఆ కొన్ని క్షణాలు మరో కార్యక్రమంలో వాడుకోవడం వల్ల బతికాయి. 2013లో నైజీరియాలో తొమ్మిది భాగాలు దొరికినప్పుడు అభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నారు. మన తొలి తెలుగు మూకీల గతి తెలిసినవాళ్లకు ఆ కన్నీళ్ల విలువ వేరే చెప్పనక్కరలేదు.

1970ల సంగతులు త్వరగా దాటేస్తాను. ప్రతినాయకుడి పాత్ర వేసిన రోజర్ డెల్గాడో 1973లో టర్కీలో షూటింగ్‌కు వెళ్లి కారు ప్రమాదంలో పోయారు. టామ్ బేకర్ భవన నిర్మాణంలో కూలిపని చేస్తుండగా డాక్టర్ వేషం దొరికింది. షూటింగ్‌లో భుజం దగ్గరి కాలర్ ఎముక విరిగితే ఆ ప్రసిద్ధమైన పొడవాటి స్కార్ఫు కట్టును కప్పింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి రెండు నిష్క్రమణలు. 1985లో బీబీసీ వన్ అధిపతి మైకేల్ గ్రేడ్ ధారావాహికను 18 నెలలు నిలిపేశారు. తిరిగి వచ్చాక ప్రేక్షకులు తగ్గారని 1986లో డాక్టర్ పాత్రధారి కోలిన్ బేకర్‌ను తొలగించారు. కథలు బాగాలేకపోవడం, నిర్మాతకూ రచనా విభాగానికీ పొసగకపోవడం అందరికీ తెలిసిందే అయినా, మూల్యం చెల్లించింది ముఖం కనబడే మనిషి. ముఖం మారే దృశ్యం కోసం ఒక్కసారి వచ్చి వెళ్లమంటే ఆయన రానన్నారు. కొత్త నటుడు సిల్వెస్టర్ మెకాయ్‌కే విగ్గు పెట్టి బోర్లా పడుకోబెట్టి ఆ దృశ్యం ముగించారు. ఆ నిరాకరణను అహంకారం అన్నవారున్నారు. ఉద్యోగం తీసేసినవాడిని వీడ్కోలు విందులో వడ్డించమంటే రానన్నట్టు నాకు కనిపిస్తుంది. రెండోది 2005లో. ధారావాహికను పునరుద్ధరించినప్పుడు డాక్టర్ వేషం వేసిన క్రిస్టఫర్ ఎక్లెస్టన్ 13 భాగాలకే వెళ్లిపోయారు. ఆయన అలసిపోయారనీ, ఒకే మూసలో పడిపోతానని భయపడ్డారనీ ఆయన మాటలుగా సంస్థ ప్రకటన వెలువరించింది. ఆయనను అడగకుండానే ఆ మాటలు ఆయన నోట పెట్టామని తరువాత ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. పైవారితో సంబంధాలు చెడిపోయాయని ఆయన చాలా ఏళ్లకు చెప్పారు. తిండి మానేసే మానసిక రుగ్మతతో తాను దీర్ఘకాలం బాధపడ్డాననీ, ఆ పాత్ర చేస్తున్న రోజుల్లోనూ అది తనను వదల్లేదనీ 2019 నాటి ఆత్మకథలో రాసుకున్నారు. తెర మీద సన్నగా, చురుగ్గా కనిపించిన ఆ మనిషిని మెచ్చుకున్నవారిలో ఆ సంగతి ఎవరు ఊహించారు?

ఈ నటులకు కీర్తి రాలేదా, అభిమానుల సమ్మేళనాల్లో జీవితాంతం ఆదరణ దక్కలేదా అని అడుగుతారు. దక్కింది. ట్రౌటన్ 1987లో అమెరికాలో అలాంటి సమ్మేళనానికి వెళ్లి అక్కడే గుండెపోటుతో మరణించారు. అభిమానం జీతానికి ప్రత్యామ్నాయం కాదు, జబ్బు సెలవుకు అసలే కాదు. పైగా ఆ ఆదరణ కనిపించే ముఖాలకు మాత్రమే. డొల్లలో కూర్చున్నవారికీ, టేపు కత్తిరించినవారికీ అది చేరింది చాలా అరుదు.

అందుకే మన పత్రికకు ఒక ప్రతిపాదన చేస్తున్నాను. మనం ప్రతి సంచికలో మద్రాసులో తెలుగు సినిమా వెలిగిన కాలం గురించి మురిసిపోతూ రాస్తాం, అందులోనూ మహానటుల గురించే రాస్తాం. పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినప్పుడు వెళ్లలేక ఇక్కడే ఉండిపోయిన డబ్బింగ్ కళాకారులు, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్‌వాళ్లు, లైట్‌బాయ్‌లు వడపళనిలో, సాలిగ్రామంలో, వలసరవాక్కంలో ఇప్పటికీ ఉన్నారు. వారిలో చాలామందికి వయసు మీద పడింది. బ్రిటిష్ అభిమానులు తమ ధారావాహికలో పనిచేసిన సాధారణ సాంకేతిక నిపుణుల చేత కూడా మాట్లాడించి, ఆ మాటలు రికార్డు చేసి పెట్టారు కాబట్టే పైన నేను రాసినవి రాయగలిగాను. ‘డాక్టర్ హూ’ను ప్రేమించే మన పిల్లలకే ఈ పని అప్పగిద్దాం. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంటుంది, తెలుగు రాయడం రాకపోయినా వినడం వచ్చు. ఎన్ని కాల్షీట్లు చేశారు, ఎంత ఇచ్చారు, టైటిల్స్‌లో పేరు పడిందా, జబ్బు చేస్తే మీ బదులు ఎవరు వచ్చారు అన్న నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, మిగతాదంతా వాళ్లే చెబుతారు.