మర్యాద అదనం: టెస్ట్ డ్రైవ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టెస్ట్ డ్రైవ్ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఐదున్నర వరకు తమరి దర్శనం కోసం కార్ల షోరూములో మెత్తటి సోఫాలో కూర్చున్న భాగ్యవంతుల్లో నేనూ ఒకణ్ణి. నా పక్కన మా అమ్మ కూడా ఉంది. ఆ రెండున్నర గంటల్లో మేము మూడుసార్లు మంచినీళ్లు తాగాం, ఒకే కేటలాగును చెరో రెండుసార్లు చదివాం, గాజుతలుపు అవతల ఎవరు ఏ బండిని తుడుస్తున్నా అది మన కోసమేనేమో అనుకొని నాలుగుసార్లు లేచి నిలబడి, కాదని తెలిసి మళ్లీ కూర్చున్నాం.

నేను కోరింది గొంతెమ్మ కోరిక కాదు. కొనదలచుకున్న విలాసపు ఎస్‌యూవీనే నడిపి చూస్తానన్నాను. 20 అంగుళాల చక్రాలు, కుదుపులు కాచుకునే మామూలు ఉక్కు స్ప్రింగుల సస్పెన్షన్ ఉన్న రకం కావాలని వారం ముందే ఫోన్‌లో చెప్పాను. "తప్పకుండా సార్, మీరడిగిన వేరియంటే రెడీగా ఉంటుంది" అని, నా పేరుతో పాటు ఆ వేరియంటు పేరును కూడా నాకే తిరిగి చదివి వినిపించారు. చివరికి ఐదున్నరకు మెరుస్తూ వచ్చి ఆగిన బండి దగ్గర మోకాళ్ల మీద వంగి, టైరు పక్కగోడ, అదే సైడ్‌వాల్ మీద అచ్చుపోసిన అక్షరాలు చదివాను. 275/35 ఆర్22 అని ఉంది, అంటే 22 అంగుళాల చక్రం. తలుపు తీసి చూస్తే సీట్ల మధ్యన బండి ఎత్తు పెంచే, తగ్గించే మీట కూడా ఉంది. అంటే స్ప్రింగుల బదులు గాలిసంచుల మీద నిలబడే ఎయిర్ సస్పెన్షన్ అన్నమాట. నేనడిగిన బండిలో ఈ రెండూ లేవు. ఈ బండిలో నేనడిగినది రంగు ఒక్కటే ఉంది.

ఇది ఐదో బండి అని మనవి. మిగిలిన నాలుగింటి కథ సవిస్తరంగా చెప్పి, నా కాలాన్ని తమరు హరించినట్టు తమరి కాలాన్ని నేను హరించను. మొదటి బండిలో సీటు నా నడుము పిసుకుతుంటే, అందులోని ఎనిమిది రకాల పిసుకుడును ఒక్కొక్కటిగా చూపించేందుకే దారి సరిపోయింది కనుక, ఆ బండి గురించి నా నడుముకు తెలిసినంత నాకు తెలియదు. రెండో బండిలో మొహం మీదికి కొడుతున్న చల్లగాలిని పక్కకు తిప్పడానికి తెర మీద మెనూలో మూడు మెట్లు దిగవలసి వచ్చింది. 2022లో స్వీడన్‌కు చెందిన ఒక మోటారు పత్రిక గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఇలాంటి చిన్న పనులకు ఎంతసేపు పడుతుందో కొలిచింది. మీటలున్న 2005 నాటి పాత వోల్వోలో 10 సెకన్లలో అయిపోయిన పనులకు తెరలున్న కొత్త బండ్లలో అన్నింటికన్నా నిదానమైనదానికి 44.9 సెకన్లు పట్టింది. నాకు ఇంకా ఎక్కువే పట్టింది గానీ అప్పుడు నేను ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నాను. మూడో బండి స్పోర్ట్ మోడ్‌లో సింహంలా గర్జించింది. ఆ గర్జనలో ఇంజనుది కొంత, స్పీకర్లది కొంత అని తర్వాత తెలిసింది. నాలుగో బండిలో ఏడో సీటు ఉందని చెప్పారు, నేను నమ్మాను, మా అబ్బాయి అందులో కూర్చున్నాక ఇద్దరం నమ్మడం మానేశాం.

ఇవన్నీ క్షమించగలిగినవే. ఎయిర్ సస్పెన్షన్ సంగతి మాత్రం రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

అయ్యా, తమరికి తెలియనిదా! ప్రొఫైల్ అంటే టైరు వెడల్పులో సైడ్‌వాల్ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె. 20 అంగుళాల చక్రానికి 275 మిల్లీమీటర్ల వెడల్పున్న టైరు, 45 శాతం ప్రొఫైల్ అయితే సైడ్‌వాల్ ఎత్తు దాదాపు 124 మిల్లీమీటర్లు. అదే ఈ 22 అంగుళాల చక్రం మీది 35 శాతం అయితే 96. బయటి నుంచి చూస్తే రెండు చక్రాల మొత్తం ఎత్తు ఇంచుమించు సమానమే, అందుకే ఫొటోలో 22 అంగుళాలది అంత దర్జాగా నిండుగా కనిపిస్తుంది. పోయిందల్లా 28 మిల్లీమీటర్ల రబ్బరు, బొటనవేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. కానీ గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బను మొట్టమొదట కాచుకునేది ఆ రబ్బరే. దాన్ని తీసేసి అందం పెంచారు, అందం వల్ల వచ్చిన కుదుపును దాచడానికి కింద గాలిసంచులు పెట్టారు. ఒకటి చేసిన గాయానికి రెండోది కట్టు కడుతోంది. నేను కొనబోయే బండికి ఆ గాయమూ లేదు, ఆ కట్టూ లేదు. కనుక అది దీనికన్నా మెత్తగా పోతుందో గట్టిగా పోతుందో ఈ బండిని వెయ్యి కిలోమీటర్లు నడిపినా నాకు తెలియదు. రెండు టన్నులు దాటిన బరువును మోసే కాళ్లను మార్చేసి, నడక చూసుకోమంటున్నారు తమరు.

ఇదే మాట పక్క సీట్లో కూర్చున్న కుర్రాడికి చెప్పాను. మంచి పిల్లాడే. "పెద్ద తేడా ఉండదు సార్" అన్నాడు. ఆ ఒక్క ముక్క దగ్గరే నా గుండె ఆగింది, ఎందుకంటే సోఫాలో రెండుసార్లు చదివిన కేటలాగులో ఎయిర్ సస్పెన్షన్ గురించి ఒక పేజీకి పేజీ ఉంది. అది ఎక్కితే మేఘం మీద తేలుతున్నట్టు ఉంటుందట, రోడ్డే మరిచిపోతామట, తేడా వెంటనే తెలిసిపోతుందట. ఆ పేజీ రాసినవారూ ఈ కుర్రాడూ ఒకే సంస్థలో జీతం తీసుకుంటున్నారు కదా? తేడా ఉంటే నాకు వేరే బండి చూపించారు. తేడా లేకపోతే ఆ పేజీకి అంత డబ్బు ఎందుకు అడుగుతున్నారు? రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకోమని అడిగాను. "మా మేనేజర్‌ని కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. ఇది రాస్తున్న నిమిషం వరకు కనుక్కోలేదు.

నాకు స్ప్రింగులే ఎందుకంటారా? గాలిసంచి రబ్బరుది. ఏళ్లు గడిచేకొద్దీ అది పగుళ్లిస్తుంది, గాలి జారుతుంది, జారిన గాలిని నింపలేక కంప్రెసర్ అదేపనిగా ఆడి ఆడి కాలిపోతుంది, వారంటీ ముగిసిన తర్వాత ఒక ఉదయం బండి ఒక మూల కుంగి ఏనుగులా మోకాలు వేసుకొని కనిపిస్తుంది. బండిని పదేళ్లు ఉంచుకునేవాడికి ఈ భయం ఉంటుంది. తమరికి ఉండదు, ఎందుకంటే తమరి దగ్గర ఏ బండీ ఏడాది కూడా ఉండదు.

ఇక అసలు విషయం. నిన్న వెనక తలుపు తియ్యగానే ఆ కుర్రాడు ఏదో నొక్కాడు. బండి నిట్టూర్చినట్టు చిన్న శబ్దం చేసి, కొన్ని సెంటీమీటర్లు కిందికి దిగింది. మా అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గడిచిన నాలుగు బండ్లూ ఎక్కేటప్పుడు ఒక చెయ్యి పైనున్న పిడి మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, పళ్లు బిగబట్టి ఎక్కింది. ఈసారి ముందు కూర్చుని, ఆ తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకుంది, అంతే. "ఈ బండికి మర్యాద తెలుసురా, పెద్దవాళ్లొస్తే వంగింది" అని మురిసిపోయింది. ఆ మర్యాద మన బండికి రాదని, దానికి వేరే లెక్క కట్టాలని నేను చెప్పవలసి వచ్చింది. అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే మనం కొనేది మర్యాద లేని బండా?" అని అడిగింది.

ఏమని చెప్పను? నువ్వే చెప్పు, ఏమని చెప్పను? మనుషుల మోకాళ్లతో ఆడుకోవడానికి నీకు సిగ్గు లేదూ? చూపించేది ఒకటి, అమ్మేది ఒకటి అయితే దాన్ని పరీక్ష అని ఎందుకు పిలుస్తున్నావు? పరీక్ష పెట్టేది నేనంటావు. ప్రశ్నపత్రం నీది, దారి నీది, పక్కన కూర్చుని జవాబులు అందించే మనిషి నీవాడు, ఆఖరికి నా చేతిలో టాబ్లెట్ పెట్టి ఐదు నక్షత్రాలు నొక్కమని బతిమాలేది కూడా నీవాళ్లే! ఆ దారి సంగతి చెప్పనా? పన్నెండు నిమిషాలు. గేటు దాటి ఒక మలుపు, అద్దంలాంటి రోడ్డు, యూటర్న్, మళ్లీ అదే రోడ్డు. పక్కనే తవ్విపోసిన చిన్న రోడ్డు కనిపిస్తే అటు తిప్పబోయాను. "అటు వద్దు సార్, రూట్ పర్మిషన్ లేదు" అన్నాడు. ఎలాంటి దారిలోనైనా పోగలదని కేటలాగు అట్ట మీద కొండ ఎక్కించి ఫొటో తీసిన బండికి, పక్కసందులోకి వెళ్లడానికి అనుమతి లేదు!

క్షమించాలి. ఏకవచనంలోకి దిగాను. తమరి వంశం గొప్పది, ఆ సంగతి మరిచిపోకూడదు. ఈ విలాసపు ఎస్‌యూవీల జాతికి మూలపురుషుడిలాంటి రేంజ్ రోవర్ 1970లో వచ్చినప్పుడు దానికి నాలుగు మూలలా ఉక్కు స్ప్రింగులే ఉన్నాయి, చక్రాలు 16 అంగుళాలవి, వినైల్ సీట్లు, గొట్టంతో నీళ్లు కొట్టి కడుక్కోగలిగిన అడుగుభాగం. ఆ స్ప్రింగుల ఆట పొడవుగా ఉండడం వల్లనే అది పొలాల్లోనూ రోడ్డు మీదా మెత్తగా పోతుందని పేరు తెచ్చుకుంది. తాతగారు ఏ కాళ్లతో నడిచి ఆస్తి సంపాదించారో ఆ కాళ్లను ఇవాళ చూపించడానికి మనవలకు నామోషీగా ఉంది. 1999లో ఎక్స్5 తెచ్చినప్పుడు బీఎండబ్ల్యూ వారైతే అసలు ఎస్‌యూవీ అనే మాటే వద్దన్నారు, స్పోర్ట్స్ యాక్టివిటీ వెహికల్ అనమన్నారు. ఆ యాక్టివిటీ ఏమిటో నాకు నిన్న బాగా అర్థమైంది: సోఫాలో కూర్చోవడం.

నా దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. దిగిన వెంటనే రాసుకోకపోతే మరిచిపోతానని కొన్నాను. "మొదటిది: బ్రేకు మెత్తన, నడుము బాగుంది. రెండోది: గాలి!!! మూడోది: లాగుడు అద్భుతం, అద్దాల్లో వెనక ఏమీ కనబడదు. నాలుగోది: స్టీరింగ్ తనంతట తానే రోడ్డు గీతల మధ్యకు గుంజుతుంది, ఆపెయ్యడం ఎలాగో అతనికీ తెలియదు." మొదటి దానికీ ఐదోదానికీ మధ్య ఐదు వారాలు గడిచాయి. మొదటి బండి బ్రేకు ఎంత మెత్తనో ఇప్పుడు నా కాలికి గుర్తు లేదు, నోటుపుస్తకాన్ని నమ్మాలి. పైగా నాలుగింటికి మూడు నేను కొనగలిగిన రకం కావు, అన్నీ తలకు మించిన ఆప్షన్లు తగిలించుకొని వచ్చినవే. అంటే ఐదు వారాలుగా నేను కొనని బండ్లను, కొనని బండ్లతోనే పోల్చుకుంటూ వచ్చాను. ఇంత శ్రద్ధగా నేను చదువుకునే రోజుల్లో కూడా నోట్సు రాయలేదు.

ఒక్క విషయం మాత్రం దాచకుండా చెప్పాలి, లేకపోతే ఈ లేఖలో నిజాయితీ ఉండదు. నిన్న తిరుగుదారిలో ఆ కుర్రాడు చెప్పవలసినవన్నీ అయిపోయి మౌనంగా ఉన్నాడు. రోడ్డు మీద ఎక్కడో పాత కేబుల్ కోసం తవ్వి పూడ్చిన అడ్డగీత ఒకటి వచ్చింది. చేతులు బిగించి కుదుపు కోసం ఎదురు చూశాను. టైర్లు దాన్ని తాకిన చప్పుడు దూరంగా ఎవరో తలుపు వేసినట్టు వినిపించింది గానీ స్టీరింగ్ మీద నా వేళ్లకు ఏమీ తెలియలేదు. అద్దంలో చూస్తే అమ్మ తల పక్కకు వాల్చి నిద్రపోతోంది. పన్నెండు నిమిషాల ప్రయాణంలో! గేటు దగ్గరికి వచ్చాక కూడా తక్షణం లేపబుద్ధి కాలేదు. ఇంజను ఆపకుండా అలాగే కూర్చున్నాను. కుర్రాడు కూడా గడియారం చూసుకోలేదు. ఆ అరనిమిషానికి తమరికి రుణపడి ఉన్నాను, అంతవరకే.

రాత్రి ఇంటికి వచ్చి ఆప్షన్ల పట్టిక తెరిచి, ఎయిర్ సస్పెన్షన్ పక్కనున్న చిన్న చతురస్రం వైపు చాలాసేపు చూశాను. తమరి పన్నాగం ఇదేనని తెలుసు. టిక్కు పెట్టలేదు. తీసెయ్యనూ లేదు.

ఇవాళ పొద్దున ఫోన్ వచ్చింది. శనివారం నాలుగు గంటలకు స్ప్రింగుల బండే, 20 అంగుళాల చక్రాలే, ఈసారి ఖాయం అని ముగ్గురు మనుషులు ఫోన్ మార్చుకుంటూ ఒట్టేశారు. వస్తాను. బట్టలు మాసినా సరే, మొదట టైరు దగ్గర కూర్చుని అంకెలు చదువుతాను. అమ్మ కూడా వస్తానంటోంది. ఆ బండి కూడా వంగుతుందా అని అడిగింది. అది వంగదమ్మా, నేనే వంగాలి అన్నాను.

ఇట్లు,
తమరి సోఫా మీద శాశ్వత ఖాతాదారు