గొడ్డలా, గాలా?

(గడ్చిరోలి జిల్లా సిరొంచ. అటవీశాఖలో వాచర్‌గా చేసి రిటైరైన మామ, కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే అల్లుడు. అడవిని పాడుచేసింది పాత నరుకుడా, మారిన వాతావరణమా అని పేచీ.)

మామ: 2024 ఆగస్టు 31న తాడ్వాయిలో ఏం జరిగింది? గోదావరి దాటితే వచ్చే అడవే కదా అది. వేల చెట్లు వేళ్లతో సహా పడ్డాయి. ఏ గొడ్డలి కొట్టింది వాటిని? మీరేమో ఇంకా కూపుల మీదే, అంటే నరకడానికి గిరిగీసిచ్చిన అడవి ముక్కల మీదే పడి ఏడుస్తారు.

అల్లుడు: గాలే కొట్టింది, కాదనను. కానీ గాలి వచ్చేనాటికి ఒక అడవిలో ఏ చెట్లుంటాయి, ఎలా మొలిచినవి ఉంటాయి అన్నది పాత నరుకుడును బట్టే ఉంటుంది మామా.

మామ: నరికితే టేకు చస్తుందా? వానలు పడగానే మొద్దు పిలకలేస్తుంది. ఏ చెట్టు కొట్టాలో సుత్తితో ముద్ర వేసిన చేతులివి. అంతా లెక్క ప్రకారమే జరిగింది.

అల్లుడు: పిలక వేస్తుంది. పాత మొద్దుకు పట్టిన పుచ్చు ఆ పిలక మొదట్లోకీ ఎక్కుతుంది. పైకి నిటారుగానే ఉంటుంది, లోపల డొల్ల. పైగా టేకుకు అడ్డమని మిగతా చెట్లను తీసేసిన లెక్క కూడా మీదేగా? కరీబియన్ దీవి ప్యూర్టోరికోలో లుక్విల్లో అని ఉప ఉష్ణమండల అడవి ఉంది. 16 హెక్టార్లలో సెంటీమీటరు మందమున్న ప్రతి కాండాన్నీ కొలుస్తున్నారు. అక్కడ నరుకుడు, సేద్యం 1934లో ఆగాయి. 1936 నాటి విమాన ఫొటోల్లో అడవి పలచగా కనిపించిన చోట, ఆరు దశాబ్దాలు గడిచినా వేరే జాతులే ఎక్కువ. దట్టంగా ఉన్న చోట టబొనుకో లాంటి పాత అడవి చెట్లు. 1989లో హ్యూగో తుఫాను కొట్టినా ఆ తేడా చెరగలేదు.

మామ: ఆగాగు. 2017లో అక్కడే మరియా తుఫాను వచ్చిందని నువ్వే చెప్పావు. హ్యూగోకు చచ్చినవాటికి రెట్టింపు చచ్చాయట. అప్పుడు తట్టుకున్న గట్టి కలప చెట్లే ఈసారి విరిగాయట. సముద్రం వేడెక్కి తుఫాన్లు ముదిరితే చేవ చెట్లకే దిక్కులేదు. ఇంక పాత నరుకుడు లెక్కెక్కడిది?

(ఈ దెబ్బ మామదే. అల్లుడు టీ గ్లాసు పక్కన పెట్టాడు.)

అల్లుడు: సరే, విరిగాయి. ఆ ఖాళీలో ఏం మొలుస్తుంది? దగ్గర్లో గింజ రాల్చే చెట్టుంటే దాని మొక్క. ఏగిస, నల్లమద్ది ఎప్పుడో కొట్టేసిన చోట లాంటానా పొద. ఎండలు ముదిరితే ఆ పొదే నిప్పుకు మేత. అందుకే ఆలపల్లి దగ్గర 1953 నుంచి గొడ్డలి పెట్టకుండా ఉంచిన ముక్క నాకు ముఖ్యం.

మామ: ఆరు హెక్టార్లు! వాటి గింజలతో జిల్లా అంతా నింపుతావా? పడ్డ కలప డిపోకు తోలి, ఖాళీలో టేకు నాటడమే.

అల్లుడు: ఒక్క టేకే ఎందుకు? కలపలో కొంత అక్కడే కుళ్లనివ్వండి, నేలకు బలం.

మామ: కుళ్లేదాకా ఆగుతుందా? వేసవి ముదరకముందే తునికాకు చిగురు కోసం ఎవడో అగ్గి పెడతాడు. ఎండు మొద్దు అంటుకుంటే రోజుల తరబడి రగులుతుంది.

అల్లుడు: ఫిబ్రవరిలోనే ఫైర్ లైన్లు కొట్టించాలి, మంట దాటకుండా చెత్తా పొదా తీసేసిన ఖాళీ పట్టీలు.

మామ: కొట్టేదెవరు? ఉన్న వాచర్లెందరు, కొట్టాల్సిన లైనెంత? ముందు ఆ లెక్క తీసుకురా.