మావాడి పిర్రలు: ఉమ్మడి జాబితా

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో మూడు జాబితాలుంటాయని స్కూల్లో అందరం బట్టీ పట్టాం. రక్షణ కేంద్రానిది, పోలీసులు రాష్ట్రానివి, చదువులూ అడవులూ ఇద్దరివీ. అంత దూరం ఆలోచించిన పెద్దలు పసిపిల్లల పిర్రలు ఏ జాబితాలోకి వస్తాయో మాత్రం రాయడం మర్చిపోయారు. ఏడు నెలల మా అబ్బాయికి నెల రోజులు తగ్గని డైపర్ రాష్ (ఒరుపు) పుణ్యమా అని ఆ సంగతి నాకు తెలిసొచ్చింది. అవి ఉమ్మడి జాబితాలోవి. ఎవరైనా శాసనం చేయొచ్చు. రెండు శాసనాలు ఒకదానికొకటి అడ్డం పడితే 254వ అధికరణ ప్రకారం కేంద్రం మాటే చెల్లుతుంది. మా ఇంట్లో కేంద్రం అంటే అత్తయ్య.

అసలే రోహిణి కార్తె, అందులోనూ విజయవాడ. పెద్దవాళ్లకే మెడ మీద చెమటకాయలు లేచే రోజుల్లో నడుముకి ప్లాస్టిక్ పొర చుట్టుకుని తిరిగే వాడి పరిస్థితి చెప్పేదేముంది. మావాడిది పుట్టినప్పటినుంచీ ముట్టుకుంటే కందిపోయే ఒళ్లు. 'సెన్సిటివ్ స్కిన్' అన్నమాట ఎవరి నోటినుంచి మొదట వచ్చిందో గుర్తులేదు గానీ, ఆ రోజునుంచి మా ఇంట్లో సెన్సిటివ్ అయింది బడ్జెట్టే. ఆ రెండు ముక్కలు డబ్బా మీద ఉంటే చాలు, అదే సబ్బు, అదే నూనె, ధర మాత్రం ఇంకోటి.

మొదటి శాసనం నా మీదే వచ్చింది. తల్లి తిన్నదే బిడ్డకి ఒరుపై తేలుతుందట, కాబట్టి గోంగూర బంద్, వంకాయ బంద్. సరే, అవి లేకపోతే ప్రాణం పోదు. కానీ అది కొత్తావకాయ పెట్టే నెల. కలిపిన బేసిన్లో, అడుగున మిగిలిన కారానికీ నూనెకీ వేడి వేడి అన్నం కలిపి అత్తయ్య ఇంటిల్లిపాదికీ ముద్దలు పెడుతుంటే, నేను పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నాను. "వాడి పిర్రలు చూడు ఎట్లా ఉన్నాయో, అదే రంగు" అని ఆవిడ ముద్ద కలుపుతూనే బేసిన్ వైపు చూపించారు. సాక్ష్యం అంత ఎర్రగా కనిపిస్తుంటే నేనేం వాదిస్తాను.

రెండోది నీళ్లు పోసే ఆవిడ తెచ్చిన శాసనం. ఆవిడ కాళ్లు చాపి, వాడిని బోర్లా వేసుకుని, సున్నిపిండితో ఒరుపు మీద కూడా గట్టిగా రుద్దేది. 'మురికంతా పోవాలి కదమ్మా' అనేది. వాడి అరుపులకి పక్క ఫ్లాట్ వాళ్లు బాల్కనీలోకి వచ్చేవాళ్లు. తర్వాత ఒక చేత్తో వాడి కాళ్లు పైకెత్తి రెండో చేత్తో పౌడరు డబ్బా దులిపితే, కాసేపు గదిలో మనిషికి మనిషి కనపడేది కాదు. ఆ సన్నటి పొడి పసివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం అని నేనంటే, "నువ్వు పౌడరు పీల్చే పెరిగావు, నీకేమైంది?" అన్నారు అత్తయ్య. నాకేమైందో చెప్పాలంటే ఆ సమయం చాలదు. పిర్రల దగ్గర ఆ పొడి చేసే ఘనకార్యం ఏమిటంటే, చెమటకి తడిసి మడతల్లో ముద్దకట్టి, ఉన్న ఒరుపుకి తోడు ఇసుక కాగితం పని కూడా మొదలుపెడుతుంది.

మూడోది డాలస్ నుంచి వచ్చింది. మా వదిన, అంటే మా ఆయన అక్క, రోజూ వీడియో కాల్లో "కెమెరా కొంచెం కిందికి పెట్టు" అంటుంది, నా మొహం చూడటానికి కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. ఆవిడ సిఫార్సు తడి వైప్స్. సువాసన ఉన్నవి, మెత్తనివి, బొమ్మలున్నవి. తొంభైతొమ్మిది పాళ్లు నీళ్లేనని డబ్బా మీద రాసి ఉంటుంది. సంగతంతా ఆ మిగిలిన ఒక్క పాలులో ఉంది. వైప్స్ పాడవకుండా కలిపే మిథైల్‌ఐసోథయాజొలినోన్ అనే రసాయనం, పేరు పలికేలోపు వాడు ఇంకోసారి తడుపుతాడు, ఎంతమంది చర్మాలకి పడక ఇబ్బంది పెట్టిందంటే 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దానికి 'ఈ ఏటి అలర్జీ కారకం' అని బిరుదిచ్చింది. వాళ్లు ఏటా ఒకరికి ఇస్తారట, మన ఉగాది పురస్కారాల్లాగే. మా ఇంట్లో వైప్స్‌లో అది ఉందో లేదో చూద్దామంటే ఆ అక్షరాలు చదవడానికి భూతద్దం కావాలి.

మా ఆయన ఇంజనీరు కాబట్టి శాసనం చేయలేదు, ఎక్సెల్ షీట్ చేశాడు. ఎన్నింటికి మార్చాం, ఎన్నింటికి తడిపాడు, ఎరుపు ఎంత, పదికి మార్కులు. ప్యాకెట్ మీద '12 గంటల వరకు పొడిగా' అని ఉన్నదాన్ని కంపెనీ వాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందంలా నమ్మాడు. రాత్రి పదికి వేస్తే పొద్దున పదిదాకా ఎవరూ ముట్టుకోకూడదట. డైపర్‌లో ఉండే ఆ గింజలకి నీళ్లు పట్టి ఉంచడం వచ్చు, కాదనను. కక్కని ఏం చేయాలో వాటికి తెలీదు. ఆ రెండూ కలిశాయా, అక్కడున్న బ్యాక్టీరియా మూత్రంలో యూరియాని అమ్మోనియా చేస్తుంది, చర్మం మీద ఉండాల్సిన కాస్త ఆమ్లగుణం పోతుంది, దాంతో కక్కలో మిగిలిపోయిన ఎంజైములకి ఊపొస్తుంది. పొట్టలో అన్నాన్ని అరిగించాల్సినవి బయట వాడి తొక్కని అరిగిస్తాయి. ఈ ముక్క చెబితే మా ఆయన చాలాసేపు ఆలోచించి షీట్‌లో ఇంకో కాలమ్ పెట్టాడు.

ఇక రాజ్యాంగంలో ఏ జాబితాకీ చెందని అవశిష్టాధికారాలని కొన్ని ఉంటాయి. మన దగ్గర అవి మెడికల్ షాపు అబ్బాయివి. ఫోన్లో ఫోటో చూపించాను, జూమ్ కూడా చేయలేదు, వెనక్కి తిరక్కుండానే చెయ్యి పెట్టి ఒక ట్యూబు తీశాడు. "మూడు రోజుల్లో క్లీన్ అక్కా. మా ఆవిడ మొహానికి కూడా ఇదే." ట్యూబు వెనక క్లోబెటసాల్, నియోమైసిన్, మైకోనజోల్ అని మూడు పేర్లు. దద్దుర్లైతే ఒకటి, బ్యాక్టీరియా అయితే ఒకటి, ఫంగస్ అయితే ఒకటి. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి! డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని దాని మీదే రాసి ఉంది. అతను చిల్లర లేదని రెండు చాక్లెట్లు కూడా ఇచ్చాడు.

అన్నట్టుగానే మూడు రోజుల్లో క్లీన్. ఇంట్లో పండగ. అత్తయ్య దిష్టి తీసినందుకు తగ్గిందన్నారు, వదిన వైప్స్ అంది, షీట్‌లో మార్కులు రెండుకి పడిపోయాయి. ఆరో రోజు అర్ధరాత్రి రెండింటికి, అందరూ లేస్తారని లైటు వేయకుండా ఫోను టార్చి నోట్లో పెట్టుకుని డైపర్ మారుస్తుంటే చూశాను. పిర్రల మీదే కాదు, ఇంతకుముందు తెల్లగా ఉన్న గజ్జల మడతల లోపల కూడా పచ్చి మాంసంలా ఎరుపు, అంచు గీత గీసినట్టుంది, ఆ గీత దాటి అవతల ఆవగింజంత ఎర్ర చుక్కలు, పెద్ద దీవి చుట్టూ చిన్న దీవుల్లా. వాడు ఏడవలేదు. కాళ్లు రెండూ పైకి పట్టుకుని టార్చి వంక చూసి నవ్వాడు. నేనే ఏడ్చాను.

పొద్దున్నే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. సంచి నిండా మా శాసనాలన్నీ పట్టుకెళ్లాను. ఆవిడ వాటి వైపు చూడకుండా వాడి తొడలు రెండూ విడదీసి చూసి, "ఈ మధ్య యాంటీబయాటిక్ ఏమైనా వాడారా?" అని అడిగారు. దగ్గుకి వాడాం, అయిదు రోజులు. "ఫంగస్. యాంటీబయాటిక్ వాడాక ఇలా వస్తుంటుంది. మామూలు ఒరుపైతే డైపర్ రాసుకునే చోట ఉంటుంది, మడతల జోలికి అంతగా పోదు. ఇది మడతల్లోనే ఉంది, చుట్టూ చుక్కలూ ఉన్నాయి." నెల రోజులు అయిదుగురం కలిసి తేల్చలేనిది పది సెకన్లలో తేలిపోతే ఎంత అవమానంగా ఉంటుందో. తర్వాత సంచిలోంచి ట్యూబు తీసి చూసి ఆవిడ మొహం మారింది. పసివాళ్ల చర్మం మీద క్లోబెటసాల్ లాంటి అంత బలమైన స్టెరాయిడ్, పైన మళ్లీ డైపర్ మూతా. మూత పెట్టినప్పుడు మందు ఇంకా ఎక్కువగా ఒంట్లోకి పోతుంది, చర్మం పలచబడుతుంది, ఎరుపు పైకి తగ్గినట్టు కనిపిస్తుంది గానీ అసలు రోగం లోపల హాయిగా కాపురం పెడుతుంది.

ఆవిడ రాసినవి రెండే. ఫంగస్‌కి క్లోట్రిమజోల్ క్రీమ్ పలచగా పూటకోసారి, దాని మీద జింక్ ఆక్సైడ్ పేస్టు దిట్టంగా. మార్చిన ప్రతిసారీ ఆ పేస్టునంతా గోకి తీయొద్దు, పై మురికి తుడిచి మళ్లీ పైన పూయండి అన్నారు. తగ్గాక కూడా క్రీమ్ వెంటనే ఆపొద్దన్నారు. ఇక మానేయాల్సినవి రాయడానికి చీటీ వెనక్కి తిప్పాల్సొచ్చింది: పౌడరు, వైప్స్, సున్నిపిండి, సబ్బు, పన్నెండు గంటల ఒప్పందం. రెండు మూడు గంటలకోసారి మార్చడం, కక్క చేస్తే ఆ క్షణమే. గోరువెచ్చని నీళ్లు, దూది, రుద్దకుండా అద్దడం. రోజూ వీలైనంతసేపు డైపర్ లేకుండా గాలికి వదిలేయడం. వారంలో తగ్గకపోయినా, జ్వరం, చీము లాంటివి కనిపించినా మళ్లీ తీసుకురమ్మన్నారు. నేను ఆవకాయ తినొచ్చా అని అడిగాను. ఆవిడ నన్నొకసారి వింతగా చూసి, "మీ ఇష్టం" అన్నారు. ఆ మాట కూడా చీటీ మీద రాసివ్వమని అడగాలనిపించింది.

గాలికి వదలమన్న ముక్క దగ్గర అత్తయ్య గెలిచారు, ఒప్పుకోవాలి. మొదటి రోజునుంచీ ఆవిడ అన్నది అదే: పాత నేత చీర పరిచి ఫ్యాను కింద పడేయండిరా వాణ్ని అని. కాకపోతే దానికి తోడు ఇంకో పన్నెండు అనడం వల్ల ఇది వినపడలేదు. "మా రోజుల్లో ఈ డైపర్లు ఎక్కడివి, గుడ్డలే, ఒక్కళ్లకీ ఒరుపు రాలేదు" అని మొదలుపెట్టి, ఆ ఊపులోనే "మీ ఆయనకైతే పుండ్లు పడి చీము పట్టింది, నెల రోజులు బట్ట కట్టనివ్వలేదు" అని ముగించారు. మా ఆయన షీట్ మూసేసి స్నానానికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పేస్టు పూసే శాఖ అత్తయ్యది. సంక్రాంతికి గోడకి సున్నం కొట్టినట్టు కొడతారు. పది రోజులకి తొక్క మామూలు రంగుకొచ్చింది, నేను రెండు ముద్దలు ఆవకాయన్నం తిన్నాను, వాడికేమీ కాలేదు, సోఫా మాత్రం మూడుసార్లు తడిసింది.

నిన్న సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే పై ఫ్లాట్ అమ్మాయి వాళ్ల పాపని ఎత్తుకొచ్చింది. హాల్లోంచి అత్తయ్య గొంతు వినపడుతోంది. "డాక్టరు దగ్గరికెందుకే తల్లీ, వందలకి వందలు! మావాడికి మూడు రోజుల్లో పోయింది. మా కోడలు చెత్తబుట్టలో పడేస్తే డబ్బులు పెట్టి కొన్నదని నేనే తీసి బీరువాలో పెట్టాను, ఇంకా సగం ఉంది, పట్టుకెళ్లు."

సబ్బు చేతులతోనే మెట్ల మీదికి పరిగెత్తాను.