చుట్టమైతే ముందే చెప్పాలి

పర్లాకిమిడి నుంచి మల్కన్‌గిరి దాకా ఒడిశా సరిహద్దులోని ఏ చిన్న పట్టణమైనా తీసుకోండి. మున్సిపల్ ఆఫీసులో ఒక పోస్టు పడిందని తెలిస్తే టీ బడ్డీ దగ్గర పుట్టే మొదటి ప్రశ్న, "ఎవరి మనిషికట?" జీతం, అర్హతలు తర్వాతి సంగతి. డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న పిల్లలు కూడా దరఖాస్తు నింపేముందు అదే ఆరా తీస్తారు. జవాబు దొరికిందంటే సగం మంది ఫారం మడిచి జేబులో పెట్టుకుంటారు. ఆ తర్వాత జరిగే ఇంటర్వ్యూ ఒక తంతు.

జనం ఎందుకలా అంటారో ఆ ప్రకటనల్ని నిదానంగా చదివితే తెలుస్తుంది. శనివారం సాయంత్రం బోర్డుకు అంటిస్తారు, గడువేమో బుధవారం. భాష ఒడియా ఒక్కటే. బడిలో ఒడియా చదువుకున్న తెలుగు పిల్లలు ఎలాగోలా చదువుకుంటారు గానీ ఇంట్లో పెద్దవాళ్లకు అది ఉట్టి కాగితమే. అర్హతల వరసలో అన్నిటికన్నా కింద ఒక షరతు ఉంటుంది: ఇదే కార్యాలయంలో, ఇదే పనిలో రెండేళ్ల అనుభవం. ఊరు మొత్తం మీద ఆ అనుభవం ఉండేది ఒక్కరికే. రెండేళ్ల కిందట ఆ ఒక్కరు లోపలికి ఎలా వచ్చారో ఎవరూ అడగరు.

పట్టణానికి పెద్ద దిక్కయిన కార్యనిర్వాహక అధికారి విషయంలో ఈ తలనొప్పి తక్కువే. ఒడిశాలో చిన్న పట్టణాలకుండే నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్ అయినా మున్సిపాలిటీ అయినా ఆ అధికారిని రాష్ట్ర ప్రభుత్వమే పంపుతుంది, కౌన్సిలర్లు ఏరుకునే వీలు లేదు. ప్రాణహిత ఒడ్డున సిరోంచలోనూ అంతే. మహారాష్ట్ర నగర పంచాయతీలకు ముఖ్యాధికారి ప్రభుత్వం నుంచే రావాలి. అమెరికాలో పద్ధతి వేరు. 1908లో వర్జీనియాలోని స్టాంటన్ అనే ఊరు తన పనులు చూడటానికి జీతమిచ్చి ఒక మేనేజర్‌ను పెట్టుకుంది. తర్వాత ఎన్నో పట్టణాలు అదే దారి పట్టాయి. అక్కడ ఎన్నికైన కౌన్సిలే మేనేజర్‌ను వెతుకుతుంది, ఇంటర్వ్యూ చేస్తుంది, పనికిరాడనుకుంటే పంపేస్తుంది. చిక్కులూ అక్కడి నుంచే మొదలు. నిన్నటిదాకా కౌన్సిల్లో కూర్చున్నాయన ఇవాళ ఆ ఉద్యోగానికే దరఖాస్తు పెడితే? తాత్కాలిక మేనేజర్‌గా ఉంటూ ఎంపిక కాగితాలు నడిపినావిడే అభ్యర్థిగా నిలబడితే? అందుకే పట్టణ పాలన బాగుకోసం పనిచేసే అక్కడి నేషనల్ సివిక్ లీగ్ తయారుచేసిన నమూనా చార్టర్ (పట్టణ పాలన నియమావళి), పదవి దిగిన కౌన్సిలర్‌కు ఏడాది దాటేదాకా ఆ పట్టణంలో జీతం వచ్చే ఉద్యోగం ఇవ్వకూడదంటుంది. మేనేజర్ల సంఘమైతే 1924లోనే తనకు తాను నీతి నియమావళి రాసుకుంది.

మన పెద్ద కుర్చీ భువనేశ్వర్ నుంచి వస్తుంది కాబట్టి ఆ బెడద మనకు లేదని కొందరు కౌన్సిలర్లు అంటుంటారు. ఆ మాటకు మేము ఒప్పుకోలేం. అధికారి వస్తాడు, బదిలీ మీద వెళ్తాడు. చెత్తబండ్ల లెక్క చూసే సూపర్‌వైజర్, పన్ను రసీదులు కొట్టే కంప్యూటర్ ఆపరేటర్, ఏదో ఒక పథకం పేరిట వచ్చిన మేనేజర్ మాత్రం ఊళ్లోనే ఉంటారు. ఎవరి వీధికి ట్యాంకర్ ముందు వెళ్తుందో చాలాసార్లు తేల్చేది వాళ్లే. 2022 అక్టోబరులో అప్పటి నవీన్ పట్నాయక్ ప్రభుత్వం కాంట్రాక్టు నియామకాల పద్ధతిని ఎత్తేసి 57 వేల మందికి పైగా ఉద్యోగుల్ని రెగ్యులర్ చేసింది. మంచి పని. అవుట్‌సోర్సింగ్ దారి మాత్రం అలాగే ఉండిపోయింది. జీతం ఏజెన్సీ ఇస్తుంది, పేర్ల చీటీ ఊళ్లోంచి వెళ్తుంది. కౌన్సిలర్‌ను అడిగితే ఏజెన్సీని అడగమంటాడు, ఏజెన్సీవాడు ఆఫీసును అడగమంటాడు.

2020లో కొవిడ్ వేళ మొదలై తర్వాత 'ముక్తా'గా సాగిన పట్టణ ఉపాధి పథకంలో కాంట్రాక్టర్ల బదులు మహిళా సంఘాలకు పనులు అప్పగించారు. దాన్ని మేము మెచ్చుకుంటాం. కానీ సంఘం అధ్యక్షురాలు కౌన్సిలర్ గారి కోడలైతే ఆ సంగతి ఫైల్లో ఎక్కడ రాసి ఉంటుంది?

చుట్టం పేరు వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్తే చాలుననే వాళ్లున్నారు. సుప్రీంకోర్టు ఈ వాదనను చాలాకాలం కిందటే తిప్పికొట్టింది. జమ్మూ కశ్మీర్‌లో ఫారెస్ట్ సర్వీసుకు అధికారుల్ని ఎంపిక చేసే బోర్డులో అక్కడి తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్ సభ్యుడు. ఆయనే అభ్యర్థి కూడా. తన పేరు చర్చకొచ్చినప్పుడు ఆయన పక్కకు తప్పుకున్నారు. తనతో పోటీపడే వాళ్ల పేర్లు చర్చించేటప్పుడు కూర్చున్నారు, ఎవరు ముందు ఎవరు వెనక అని జాబితా వేసేటప్పుడూ ఉన్నారు. 1969లో క్రైపాక్ కేసు తీర్పులో కోర్టు ఆ ఎంపికను కొట్టేసింది. నిజంగా పక్షపాతం చూపాడని రుజువు చేయనక్కర్లేదు, చూపే అవకాశం ఉందని మామూలు మనిషికి సబబుగా అనిపిస్తే చాలునంది. మరో కేసు మన ఒడిశాదే. బడి గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంచే కమిటీలో, తమ పుస్తకాలు పరిశీలనకు పెట్టిన రచయితలే సభ్యులు. ఎవరి పుస్తకం వంతు వస్తే వాళ్లు తప్పుకున్నా సరిపోదని 1984లో కోర్టు తేల్చింది. ఇవాళ నీది నేను చూస్తే రేపు నాది నువ్వు చూస్తావు, ఎంపిక కమిటీల్లో జరిగేది ఇదే.

ఇక్కడ ఎదురు వాదన ఒకటుంది. 1985లో హర్యానా పబ్లిక్ సర్వీస్ కమిషన్ కేసులో, బంధువు ఇంటర్వ్యూ సమయంలో సభ్యుడు తప్పుకుంటే చాలునని అదే కోర్టు అంది. అంది గానీ ఎవరి గురించి? రాజ్యాంగబద్ధమైన కమిషన్ గురించి. అక్కడ ఒకరి బదులు ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టలేరు. మామూలు ఎంపిక కమిటీలో ఆ ఇబ్బంది లేదు కాబట్టి సభ్యుడు మొత్తంగా తప్పుకోవాలని, ఆ స్థానంలో వేరొకరిని వేయాలని ఆ తీర్పే చెప్పింది. మున్సిపల్ ఆఫీసు గదిలో కూర్చునే ముగ్గురు సభ్యుల ప్యానెల్ ఏ కోవలోకి వస్తుందో వేరే చెప్పాలా? రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూ ఉన్నచోట సాధారణ అభ్యర్థులకు ఇంటర్వ్యూ మార్కులు 12.2 శాతం మించకూడదన్నదీ ఆ తీర్పులోదే. మన చిన్న పోస్టులకు రాతపరీక్షే ఉండదు, నూటికి నూరు ఇంటర్వ్యూయే.

చిన్న ఊళ్లో అందరూ అందరికీ చుట్టాలే, ఇలా పట్టుబడితే ప్యానెల్లో కూర్చునేవాడే దొరకడని ఇంకో మాట వినిపిస్తుంది. కొంత నిజమే. అటు శ్రీకాకుళం, ఇటు గజపతి, రెండు వైపులా పెళ్లి సంబంధాలతో అల్లుకున్న కుటుంబాలు మనవి. అలాంటప్పుడు చుట్టరికం దాచడానికి సిగ్గెందుకు? రాసి పెట్టమనే మేము అడుగుతున్నది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. వడ్డించేవాడు ఎవరి వాడో పంక్తిలో ఉన్న మిగతావాళ్లకూ తెలియాలి కదా.

ఎవరు చుట్టం అన్నది తేల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. కంపెనీల చట్టం, 2013 కింద బంధువుల జాబితా ఒకటుంది. అందులో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్నారు. బామ్మర్ది లేడు. తోడల్లుడు లేడు, మేనల్లుడు లేడు, వియ్యంకుడు అసలే లేడు. మన ఊళ్లలో మాట చెల్లేది ఎవరిదో తెలిసినవాళ్లు ఆ జాబితా చూసి నవ్వుకుంటారు. మున్సిపాలిటీ కాంట్రాక్టులో వాటా ఉన్న కౌన్సిలర్‌ను అనర్హుణ్ని చేసే నిబంధన చట్టంలో ఉంది. బామ్మర్ది నెల జీతం ఆ వాటాలోకి వస్తుందా రాదా అని లాయర్లు ఏళ్లకేళ్లు వాదించుకోవచ్చు. కాబట్టి పట్టణాలు తమ జాబితా తామే వేసుకోవాలి. చుట్టరికాలతో పాటు వ్యాపారంలో భాగస్తుడు, అప్పు ఇచ్చినవాడు, ఎన్నికలప్పుడు జీపు పెట్టినవాడు కూడా అందులో ఉండాలి.

ఇలా దొడ్డిదారిన వచ్చినవాడు సుఖపడతాడా అంటే అదీ లేదు. సరైన ప్రకటన, పోటీ లేకుండా చేరినవాళ్లకు పర్మినెంట్ అడిగే హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మావయ్య మాట మీద చేరిన కుర్రాడు కొన్నేళ్లు టెన్షన్‌తో పనిచేసి, కౌన్సిల్ మారగానే రోడ్డున పడతాడు.

మేము కోరుతున్నవాటికి చట్ట సవరణ అక్కర్లేదు, కౌన్సిల్ తీర్మానం చాలు. ప్రకటన ఒడియాతో పాటు తెలుగులోనూ, సవర మాట్లాడే పల్లెలున్నచోట చాటింపుగానూ వెళ్లాలి, గడువు కనీసం పదిహేను రోజులుండాలి. అర్హతలు రాసినవారు ప్యానెల్లో కూర్చోకూడదు. ప్యానెల్లో కనీసం ఒకరు పక్క పట్టణం నుంచో కలెక్టరేట్ నుంచో రావాలి. దరఖాస్తుల గడువు ముగిసి పేర్లు తెలిసిన రోజునే ప్యానెల్ సభ్యులు, కౌన్సిలర్లు అందరూ ఒక కాగితం మీద తమ చుట్టరికాలు రాసి సంతకం పెట్టాలి. ఏజెన్సీ ద్వారా వచ్చే పేర్లకూ ఇదే వర్తించాలి. అబద్ధం రాసినట్టు తేలితే ఆ నియామకం రద్దు కావాలి, రాసినవారి మీద జిల్లా యంత్రాంగం చర్య తీసుకోవాలి.

2022 మార్చి ఎన్నికల్లో ఒడిశా పట్టణాల ఛైర్‌పర్సన్లను ఓటర్లు మొదటిసారి నేరుగా ఎన్నుకున్నారు. ఆ పాలకవర్గాల గడువు అయిదేళ్లు. గడువు చివరి నెలల్లోనే అవుట్‌సోర్సింగ్ చీటీలు ఎక్కువగా కదులుతాయని ఆఫీసు బంట్రోతు కూడా చెబుతాడు. తీర్మానం ఆ నెలలు రాకముందే పెట్టాలి. పెట్టిన కౌన్సిలర్ పేరు, వ్యతిరేకించిన కౌన్సిలర్ పేరు రెండూ మేము అచ్చు వేస్తాం.