వెనక్కి తిరిగినవాళ్ల సినిమాలు

మొన్న వరదల్లో మా దగ్గరి కాజ్‌వే మునిగింది. నడుము లోతు నీళ్లలో నలుగురు కుర్రాళ్లు దిగి నడుస్తున్నారు. ఐదోవాడు గట్టు మీద నిలబడి ఫోనులో తీస్తున్నాడు. సగం దూరం వచ్చేసరికి ఒకడి కాలు జారింది. లంకలోకి పాలూ కూరగాయలూ చేరవేసే నాటు పడవ సమయానికి ఎదురొచ్చింది కాబట్టి ఆ పిల్లాడు ఇవాళ ఇంట్లో అన్నం తింటున్నాడు. సాయంత్రానికి ఆ వీడియోకు డప్పుల పాట తగిలించి, ‘సాహసం’ అని పేరు పెట్టి అందరికీ పంపారు. నాకూ వచ్చింది. పంపిన బంధువు కింద ఒక వాక్యం రాశాడు: ‘నువ్వు రోజూ చూసే సినిమాల్లో ఉండేది ఇదేగా!’

ఆ మాట మింగుడు పడక ఇది రాస్తున్నాను. కాదు. ఆ సినిమాల్లో ఉండేది ఇది కాదు.

పర్వతారోహణ, సముద్ర యాత్రలు, ధ్రువ యాత్రల మీద తీసిన డాక్యుమెంటరీలు ఏడెనిమిదేళ్లుగా చూస్తున్నాను. ఒక్కదాన్నే కాదు, నాన్నతో కలిసి. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసే మొగ దగ్గర మా ఊరు. నాన్న ముప్పై ఏళ్లకు పైగా సముద్రంలో వేట చేశాడు. ఇప్పుడు నాతోపాటు అమలాపురంలో ఉంటున్నాడు. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక చిరిగిన వల ఉంటుంది, ఎవరిదో అడిగి తెచ్చుకుంటాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను రెండు నిమిషాలకోసారి సినిమా ఆపి తెలుగులో చెబుతాను. గంటన్నర సినిమా మాకు మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటల్లో నాన్న అడిగే ప్రశ్నలు వేరు. ఎంత ఎత్తు అని అడగడు. తిండి ఎన్ని రోజులకు తీసుకెళ్లారు? నీళ్లు ఎలా? ఇంటి దగ్గర ఎవరున్నారు? వెనక్కి రావాలంటే దారేది?

ఉత్తరాఖండ్‌లో, గంగోత్రి వైపు మేరు అనే శిఖరం ఉంది. దాని మధ్య కొమ్ము నిట్టనిలువు బండ. ఎక్కేవాళ్లు దానికి షార్క్స్ ఫిన్ అని పేరు పెట్టారు. సొరచేప రెక్క అని చెప్పగానే నాన్న సూది పక్కన పెట్టి తెర వైపు తిరిగాడు. 2008లో కాన్రాడ్ ఆంకర్, జిమ్మీ చిన్, రెనన్ ఓజ్‌టర్క్ అనే ముగ్గురు దాన్ని ఎక్కబోయారు. ఏడు రోజుల పని అనుకుని బయల్దేరారు. మొదట్లోనే తుపాను పట్టుకుంది. బండ గోడకు వేలాడదీసిన చిన్న గుడారంలో నాలుగు రోజులు ముగ్గురూ ఒకరి మీద ఒకరు ఒదిగి పడుకున్నారు. ఏడు రోజుల యాత్ర ఇరవై రోజులైంది. తిండి అడుగంటింది. శిఖరం ఇంకా వంద మీటర్లు ఉందనగా వెనక్కి తిరిగారు.

సినిమా అక్కడ ఆపమన్నాడు నాన్న. ‘వంద మీటర్లంటే మన వీధి చివరి దాకా, అంతేగా?’ అన్నాడు. అవునన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: ‘వెనక్కి పోదాం అని ముందు ఎవరన్నారమ్మా? ఆ ముగ్గురిలో ఆ మాట ముందు అన్నవాడే సరంగు.’ సరంగంటే మా వైపు బోటు నడిపించే పెద్ద.

ఆ ముగ్గురే 2011లో మళ్లీ వెళ్లి ఆ కొమ్ము మీద నిలబడ్డారు. ఆ మధ్యలో ఒకడికి తల పగిలి బతకడమే కష్టమైంది, ఇంకొకడు మంచు చరియలో పడి బయటపడ్డాడు. మేము అదీ చూశాం, సంతోషించాం. కానీ మా ఇంట్లో ఇప్పటికీ మాటల్లో వచ్చేది 2008 నాటి ఆ వంద మీటర్లే.

మా బంధువుకు తెలియని సంగతి ఇదే. ఆయన చూసేవి రెండు నిమిషాల ముక్కలు. ఎవడో శిఖరం మీద చేతులెత్తి నిలబడతాడు, వెనక హోరుమని సంగీతం, ‘ప్రాణాలకు తెగించిన వీరుడు’ అని ఎర్ర అక్షరాలు. అసలు సినిమాలోంచి ఆ రెండు నిమిషాలు కత్తిరించినవాడి మీద నాకు పట్టరాని కోపం. నెల రోజుల సాధన, వారం రోజుల ఎదురుచూపు, ఇవాళ వద్దు అనుకున్న పొద్దు, అన్నీ తీసి పారేసి మన పిల్లల చేతికి చివరి ముక్క ఇస్తున్నాడు. అన్నం వడ్డించకుండా ఊరగాయ ఒక్కటే తినిపిస్తే కడుపులో మంట పుట్టక ఏం చేస్తుంది?

తాడు లేకుండా ఎల్ కాపిటాన్ ఎక్కిన అలెక్స్ హోనాల్డ్ ముక్క చూడనివాళ్లు ఇవాళ లేరు. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో దాదాపు తొమ్మిది వందల మీటర్ల గోడ. 2017 జూన్ 3న, 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. ఆ ఎక్కడం మీద తీసిన ‘ఫ్రీ సోలో’కు ఆస్కార్ కూడా వచ్చింది. అయితే అంతకు ముందు అదే గోడ మీద తాడు కట్టుకుని ఎన్నిసార్లు సాధన చేశాడో, ఏ పట్టు దగ్గర ఏ వేలు పెట్టాలో నోట్‌బుక్కులో ఎలా రాసుకున్నాడో ఆ ముక్కలో ఉండదు. అంతకంటే ముఖ్యమైనది 2016లో జరిగింది. చీకట్లో ఎక్కడం మొదలుపెట్టాడు. కెమెరావాళ్లు తాళ్లకు వేలాడుతూ ఎక్కడికక్కడ సిద్ధంగా ఉన్నారు. అంతమంది ఇతని కోసమే వచ్చారు. కొంత ఎక్కాక మనసు కుదరలేదు. దిగిపోయాడు.

ఈ సినిమా చూస్తున్న రోజు మా పక్కింటి బాబాయి కూడా వచ్చి కూర్చున్నాడు. కొబ్బరి దింపు తీయడం ఆయన పని. కాళ్లకు బందం వేసుకుని రోజుకు ఎన్ని చెట్లు ఎక్కి దిగుతాడో లెక్క లేదు. సినిమా అంతా కదలకుండా చూశాడు. ఆ దిగిపోయిన చోట మాత్రం నా వైపు తిరిగి తన అరికాళ్లు చూపించాడు. బొటనవేలి కింద చర్మం తోలులా గట్టిపడి, నెర్రెలు బారి ఉంది. ‘వానాకాలంలో మాను పాకుడు పడుతుంది. నాలుగు బారలు ఎక్కాక పాదం ఆ సంగతి చెబుతుంది. ఇక కింద ఎవరున్నా, ఎంత కూలి ఇస్తామన్నా దిగిపోవడమే. నా ఈడు వాళ్లలో ఇప్పటికీ చెట్టెక్కుతున్నది అలా దిగినవాళ్లమే’ అన్నాడు. ఎక్కడి కాలిఫోర్నియా, ఎక్కడి కోనసీమ! తెర మీద ఉన్నవాడి పాదంలో ఏం జరిగిందో మా వరండాలో కూర్చున్న మనిషికి నేను చెప్పకుండానే తెలిసింది.

ఇప్పుడు ఆ కాజ్‌వే కుర్రాళ్లను తలుచుకోండి. హోనాల్డ్ చుట్టూ అంత పెద్ద కెమెరా బృందం ఉన్నా దిగిపోగలిగాడు. మన పిల్లలు ఒక్క ఫోను కెమెరా ముందు ఆగలేకపోయారు. వాళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆగి వెనక్కి వచ్చిన మనిషి ఎలా ఉంటాడో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

ఇక 1996 సంగతి చెప్పాలి.

ఆ ఏడాది మే నెలలో డేవిడ్ బ్రెషియర్స్ బృందం పెద్ద తెర సినిమా తీయడానికి ఎవరెస్ట్ మీద ఉంది. ఆ బృందంలో టెన్జింగ్ నార్గే కొడుకు జామ్లింగ్ కూడా ఉన్నాడు. మూడో శిబిరం దాకా ఎక్కారు. పైన గాలి తీరు నచ్చలేదు, వెనక నుంచి ఎక్కి వస్తున్నవాళ్లు మరీ ఎక్కువమంది ఉన్నారు. కిందకు బయల్దేరారు. దారిలో పైకి వెళ్తున్న జట్లు ఎదురయ్యాయి, మంచిమాటలు చెప్పుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. మే 10న పైన తుపాను విరుచుకుపడింది. ఆ రెండు రోజుల్లో ఎనిమిది మంది చనిపోయారు. శిఖరం కోసం పైన దాచుకున్న ఆక్సిజన్ సిలిండర్లను చిక్కుకుపోయినవాళ్లకు ఇచ్చేసింది, గాయపడినవాళ్లను దించడానికి మళ్లీ పైకి వెళ్లింది ఈ సినిమా బృందమే. తర్వాత మే 23న శిఖరం చేరారు, సినిమా పూర్తి చేశారు.

నేను ఇదంతా చదివి నాన్నకు చెబుతుంటే, పైకి వెళ్లేవాళ్లూ కిందకు దిగేవాళ్లూ ఎదురుపడిన చోట నాన్న చేయి ఎత్తి ఆపమన్నాడు. వల ఒళ్లోంచి జారిపోయింది.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడ, యానాం ప్రాంతాల మీద పడింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్లి తిరిగి రానివాళ్లు ఎందరో. కోనసీమలో అప్పటికి ఊహ తెలిసినవారికి ఆ రాత్రి గురించి చెప్పక్కర్లేదు. తెల్లారి చూస్తే తలలు తెగిన కొబ్బరి తోటలు, అంతే. నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. ఎందుకు ఉన్నాడో పాతికేళ్లు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఎవరెస్ట్ సంగతి విన్న ఆ రాత్రి చెప్పాడు. వాళ్ల బోటు సరంగు పెద్దవాడు, తక్కువ మాట్లాడే మనిషి. అయిదో తారీఖు మధ్యాహ్నం కెరటం వస్తున్న తీరు చూశాడు. గాలి లేదు, కెరటం మాత్రం బారుగా, బరువుగా వస్తోంది. వల లాగేయమన్నాడు. రొయ్య పడుతున్న వేళ. ఐస్ పెట్టెలు సగం ఖాళీ. బోటులో పనిచేసే కళాసీలు గొణిగారు, అందులో నాన్న కూడా ఉన్నాడు. తిరిగి వస్తుంటే ఎదురుగా తెలిసినవాళ్ల బోటు లోపలికి వెళ్తోంది. కేక వేశారు. ఇంజను మోతలో వినబడిందో లేదో, అవతలి నుంచి చేయి ఊపారు. నాన్న కూడా ఊపాడు. ఆరో తారీఖు తెల్లవారుజామున మొగ దాటి ఒడ్డుకు చేరితే, డీజిలు దండగ చేశారని బోటు యజమాని అందరి ముందు ఆ సరంగును నానా మాటలు అన్నాడు. సరంగు తల వంచుకుని విన్నాడట, మారు మాట్లాడలేదు. మర్నాటికి ఆ యజమాని బోటు, మనుషులు మిగిలారు. చేయి ఊపినవాళ్లు మళ్లీ కనబడలేదు.

నా కోపానికి మూలం ఇక్కడుంది. సాహసం అనే మాటను మనం ముందుకు వెళ్లినవాళ్లకే రాసిచ్చేశాం. నలుగురిలో మాట పడి, తల వంచుకుని, ఆరుగురు కళాసీలను ఇళ్లకు చేర్చిన ముసలి సరంగుకు ఆ మాట దక్కదా?

మంచి డాక్యుమెంటరీలు ఆ మాట దక్కనిస్తాయి. 2014లో ఎవరెస్ట్ మీద ఫుర్బా తాషి అనే నేపాలీ షెర్పా మీద సినిమా తీయడానికి ఒక బృందం వెళ్లింది. అప్పటికి 21 సార్లు ఎక్కాడు, ఇంకొక్కసారి ఎక్కితే రికార్డు. ఇంట్లోవాళ్లు వద్దని ఏడుస్తున్నారు. ఏప్రిల్ 18న ఖుంబు అనే పగుళ్ల మంచు వాలులో మంచు చరియ విరిగిపడి పదహారు మంది నేపాలీ కూలీలు, గైడ్లు చనిపోయారు. షెర్పాలు ఈ ఏడాది ఎక్కబోమన్నారు. రికార్డు రాలేదు, శిఖరమూ లేదు. దర్శకురాలు జెనిఫర్ పీడమ్ కెమెరా ఆపలేదు. ఆ ‘షెర్పా’ సినిమా నేను చూసినవాటిలో అత్యుత్తమం. అమ్మ కూడా మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూసింది, మధ్యలో రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చింది. ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడవాళ్ల ముఖాలు ఆమెకు ఎవరూ వివరించనక్కర్లేదు.

మన నౌకాదళం అమ్మాయిలు ఆరుగురు తారిణి అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దాటివచ్చినవాళ్లు, చివర్లో హిందూ మహాసముద్రంలో చుక్కాని పరికరం చెడితే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. ఇల్లు దగ్గర పడిందని ఈడ్చుకు రాలేదు. దాని మీద తీసిన డాక్యుమెంటరీ చూసి నాన్న, అంత దూరం తిరిగొచ్చిన మనిషికి ఆ ఆగడమే అన్నిటికంటే కష్టం అన్నాడు.

ఇవన్నీ తెలుగులో ఎందుకు దొరకవు? కొట్టుకునే సినిమాలు ఏ భాషవైనా వారంలో తెలుగు మాటలతో వచ్చేస్తాయి. ఇవి మాత్రం ఇంగ్లీషు వచ్చినవాళ్ల సొత్తుగా మిగిలిపోతున్నాయి. సముద్రం తెలిసిన మనిషికి, చెట్టు తెలిసిన మనిషికి, లంకలో వరద తెలిసిన మనిషికి వీటిలోని ప్రతి క్షణం అర్థమవుతుంది. వాళ్ల భాషలో ఒక గొంతు కావాలి, అంతే. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కి, 2015లో ఆండీస్‌లో కన్నుమూసిన మల్లి మస్తాన్ బాబు మీద, పదమూడేళ్లకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ మీద అలాంటి డాక్యుమెంటరీలు తెలుగులో, మా ఊరి గోడ మీద చూడాలని నా కోరిక. శిఖరం దగ్గర జెండా పట్టుకున్న ఫోటో మాకు చాలదు. భయపడిన రాత్రి కావాలి. ఆగిన చోటు కావాలి.

నా వంతు నేను మొదలుపెట్టాను. నెలకో ఆదివారం మా వరండాలో తెల్ల దుప్పటి కట్టి సినిమా వేస్తున్నాను, ఆపి ఆపి తెలుగులో చెబుతున్నాను. ఆ కాజ్‌వే కుర్రాళ్లలో ఇద్దరు పోయిన నెల వచ్చారు. కాలు జారినవాడు ముందు వరసలో కూర్చున్నాడు.

పోయిన వారం నాన్నను కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయడం మొదలుపెట్టాను. సరంగు గురించి చెప్పమన్నాను. ఆయన మాత్రం ముందు ఎదురుగా వెళ్లిన బోటులోని వాళ్ల పేర్లు చెబుతానన్నాడు. ఒక్కొక్క పేరు, ఎవరి కొడుకో, ఏ పాలెమో. అయిదు పేర్లు చెప్పాడు. ఆరో మనిషి ముఖం కళ్ల ముందుందట, కొత్తగా చేరిన కుర్రాడట, పేరు మాత్రం రావడం లేదు. చాలాసేపు ఆగాడు. తర్వాత ఫోను ఆపమని సైగ చేసి, ‘ఆదివారం వాళ్ల పాలెం వెళ్దాం. అడిగి తెలుసుకున్నాకే మిగతాది చెబుతాను’ అన్నాడు.