గ్రేహౌండ్ పందేలు: లెక్కే తప్పినప్పుడు నిబంధనలేం చేస్తాయి?

గ్రేహౌండ్స్ అనగానే మనకు పోలీసు దళమే గుర్తొస్తుంది. ఆ దళానికి పేరిచ్చిన కుక్క గురించి ఈ మధ్య కొన్ని దేశాలు గట్టి నిర్ణయాలే తీసుకున్నాయి. 2026 జూలై ఆఖరుకల్లా ఈ కుక్కల పరుగు పందేలు ఆపేస్తామని న్యూజిలాండ్ 2024 డిసెంబర్‌లో ప్రకటించింది. పదేళ్లలో మూడు సమీక్షలు చేయించాక గానీ ఆ మాట అనలేకపోయింది. 2025లో బ్రిటన్‌లోని వేల్స్, ఆస్ట్రేలియా రాష్ట్రం టాస్మానియా కూడా నిషేధం వైపే మొగ్గాయి. నిషేధం దాకా ఎందుకు, నియంత్రణ చాలదా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. చాలదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ కథే అందుకు రుజువు.

2015 ఫిబ్రవరిలో ఏబీసీ టీవీ రహస్య కెమెరాలతో అక్కడి ట్రైనర్ల గుట్టు బయటపెట్టింది. బతికున్న పందిపిల్లల్ని, కుందేళ్లను ఎరగా కట్టి కుక్కల్ని ఉసిగొల్పుతున్నారు. ప్రభుత్వం మాజీ న్యాయమూర్తి మైకేల్ మెక్‌హ్యూతో విచారణ చేయించింది. 2016లో వచ్చిన ఆయన నివేదిక ప్రకారం పన్నెండేళ్లలో ఆ రాష్ట్రంలో 97,783 గ్రేహౌండ్లు పుట్టాయి. పందేనికి పనికిరావని చంపేసినవి 48,891 నుంచి 68,448 దాకా ఉండొచ్చు. అంటే తక్కువలో తక్కువ సగం.

ఎర సంగతి ఘోరమే. కానీ నన్ను పట్టి కుదిపింది ఈ లెక్క. కుక్క ఏడాదిన్నర వయసులో ట్రాక్ ఎక్కుతుంది. నాలుగేళ్లు దాటితే చాలావాటికి పరుగు అయిపోయినట్టే. ఆయుష్షు మాత్రం పది నుంచి పద్నాలుగేళ్లు. మిగతా ఏళ్ల తిండి, మందుల ఖర్చుకు ఈ వ్యాపారంలో పద్దే లేదు. ఎనిమిది పరిగెత్తితే గెలిచేది ఒకటే, ఆ ఒక్కదాని కోసం ఈత మీద ఈత పుట్టిస్తూ పోవాలి. వేగం లేనిది ట్రాక్ మొహం కూడా చూడదు. దీనికి పరిశ్రమ పెట్టుకున్న పేరు 'వేస్టేజ్'. హోటల్లో మిగిలిపోయిన కూరకు వాడే మాట! మైక్రోచిప్ వేయండి, లైసెన్స్ ఇవ్వండి, మలుపు దగ్గర వెటర్నరీ డాక్టర్‌ను నిలబెట్టండి. ఏటా పుట్టే ఇన్ని కుక్కలకు ఇళ్లు ఎక్కడి నుంచి తెస్తారు?

పైగా అప్పట్లో పందేలు నడిపేదీ, నిఘా పెట్టేదీ ఒకే సంస్థ. ట్రాక్ మీద తగిలే గాయాల తీవ్రతను ఆ సంస్థ కావాలనే తగ్గించి చూపిందని మెక్‌హ్యూ తేల్చారు. ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో ఉన్న మైక్ బేర్డ్, 2016 జూలైలో నిషేధం ప్రకటించారు. రేడియోలు, పత్రికలు, సొంత కూటమిలోని గ్రామీణ నేతలు విరుచుకుపడేసరికి అక్టోబర్‌లో వెనక్కి తగ్గారు. అయినా నవంబర్‌లో ఆరెంజ్ ఉప ఎన్నికలో కూటమి ఓడింది. తర్వాత 2018లో నిఘాకు విడిగా కమిషన్ వచ్చింది. 2024లో ఏమైంది? పందేల సంస్థలో చీఫ్ వెటర్నరీ అధికారిగా పనిచేసినాయన వెళ్తూ కుక్కల దుస్థితి మీద రాసిన నివేదిక బయటపడింది, సీఈఓ రాజీనామా చేశారు, మళ్లీ విచారణ.

వారాంతంలో రెండు కుక్కల్ని తీసుకెళ్లే పల్లెటూరి కుటుంబాల సంగతేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకు కుక్కల మీద ప్రేమ లేదని నేననను. కానీ ఫ్లోరిడాలో 2018లో 69 శాతం ఓటర్లు నిషేధానికి ఓటేశాక ట్రాకులకు 2020 ఆఖరు దాకా గడువిచ్చారు. పరుగులు ఆగాయి, చాలా ట్రాకుల్లో పేకాట గదులు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఆ ట్రాకుల యజమానులకు కావాల్సింది పందెం డబ్బు, కుక్క కాదు.

ఆ డబ్బు రుచి మరిగిన చోట చట్టం ఎలా నడుస్తుందో గోదావరి జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా? కోడి పందేలు ఆపమని 2016లో ఉమ్మడి హైకోర్టు చెప్పింది. సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉన్నాయి, పెద్ద పెద్ద నాయకులు పక్కనే కూర్చుని ఫొటోలకు నవ్వుతున్నారు. జంతు హింస నిరోధక చట్టం 1960 నాటిది. అందులో మొదటిసారి దొరికిన వాడికి పడే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ డబ్బుకు బరి దగ్గర ప్లేటు బిర్యానీ కూడా రాదు.